గెడ్డ దాటించిన బిళ్ళలు

సీతంపేట కొండలు 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లావి. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లావి. వానాకాలంలో అక్కడి గెడ్డలు దాటాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి.

మొన్న మేమెక్కిన పాత పికప్పు గెడ్డ బురదలో దిగబడింది. వెనుక ఒక సవర తల్లి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డ. డ్రైవరు ఫోర్‌వీల్ మీట వేశాడు. ముందు చక్రాలు కదలలేదు.

"గేరు పోయిందేమిటోయ్?" అన్నాను.

"లేదు మేష్టారూ, హబ్బులు బిగించాల!" అంటూ దిగి, ముందు చక్రాల బొడ్డున ఉన్న బిళ్ళలు రెండూ చేత్తో తిప్పాడు.

మీట ముందు ఇరుసును తిప్పుతుందే గాని, హబ్బు బిగిస్తేనే ఆ బలం చక్రానికి అందుతుంది. ఒక్కటి వదిలేసినా రెండోదీ లాగదు. బండి కదిలింది, వెలుగుండగానే ఆస్పత్రి చేరాం.

అటు వెళ్ళేవారు గెడ్డలో దిగకముందే హబ్బులు చూసుకోవాలి. తారురోడ్డు ఎక్కగానే మీట తీసెయ్యాలి. లేకుంటే మలుపుల్లో ఇరుసులు బిగుసుకుంటాయి.