రెండు నిమిషాల స్నానం

మా హాస్టల్లో పొద్దున్నే బకెట్ పట్టుకుని లైన్లో నిలబడితే, లోపలున్నవాడు తీరిగ్గా పాట పాడుతుంటాడు. ఒళ్ళు మండిపోతుంది. దక్షిణ ధ్రువం మీదున్న అమండ్‌సెన్-స్కాట్ స్టేషన్‌లో ఈ గొడవ లేదు. వారానికి రెండు స్నానాలు, ఒక్కోటి రెండు నిమిషాలు. కాళ్ళ కింద కిలోమీటర్ల మందాన మంచున్నా, దాన్ని కరిగించే ఇంధనం బయటి నుంచే మోసుకురావాలి మరి.

ఇదంతా సెమినార్ కోసం చదివాను. టాపిక్ ఐస్‌క్యూబ్. అక్కడి మంచులో 1,450 నుంచి 2,450 మీటర్ల లోతున 5,160 సెన్సర్లు దించి, న్యూట్రినోల జాడ పట్టే డిటెక్టర్. స్లైడ్స్ నిండా న్యూట్రినోలే పెట్టాను. కానీ బుర్రలో ఉండిపోయింది మాత్రం చలికాలమంతా దాన్ని కాచుకుని ఉండే ఇద్దరు మనుషులు.

ఫిబ్రవరిలో ఆఖరి విమానం వెళ్ళిపోతే మళ్ళీ అక్టోబర్ చివర్లోనే మామూలు రాకపోకలు. మార్చిలో అస్తమించిన సూర్యుడు సెప్టెంబర్‌లో లేస్తాడు. బయట మైనస్ 60. ఇంత చేసి వాళ్ళ పనేంటంటే, సర్వర్లు ఆగిపోకుండా చూడటం! మన బ్రాంచి పనే. అర్ధరాత్రి అలారం మోగితే లేవాలి. అవసరమైతే కిలోమీటరు దూరంలోని ల్యాబ్‌కి ఆ చీకట్లో నడిచి వెళ్ళాలి. నేనైతే ల్యాబ్ రికార్డు రాయడానికే లేవను.

1999లో ఆ స్టేషన్ డాక్టర్ జెర్రీ నీల్సన్‌కి రొమ్ములో గడ్డ కనిపించింది. అక్కడున్న ఒకే ఒక్క డాక్టర్ ఆమే. జులైలో మందులు పారాచ్యూట్‌తో జారవిడిచారు. తనకు తానే వైద్యం చేసుకుంది. విమానం దిగగలిగింది అక్టోబర్లోనే.

ఇది చదివాక ల్యాప్‌టాప్ మూసేశాను. పోయిన ఏడాది నానమ్మకి సీరియస్‌గా ఉందని నాన్న ఫోన్ చేస్తే, ఇంటర్నల్ ఉంది, రేపు బయల్దేరతా అన్నాను. మా ఊరికి నాలుగు గంటల ప్రయాణం. గంటకో బస్సు. నేను వెళ్ళేసరికి వాకిట్లో చెప్పులు నిండిపోయి ఉన్నాయి. ఆ ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

సెమినార్ చివర్లో సార్ "నువ్వైతే వెళ్తావా?" అనడిగారు. వెళ్తాను సార్ అన్నాను. క్లాసంతా చప్పట్లు.

రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"మరి మధ్యల రావాలంటే బస్సు ఉంటదారా?" అన్నాడు.

నవ్వుతూ అన్నాడో లేదో తెలీలేదు.