బిడ్డ కంచము, పెద్దల చూపు

నోరు బిగించుకొని కూర్చున్న బిడ్డచేత నొక్క ముద్ద తినిపించుట యెంతటి పనియో పిల్లలు గల యిండ్లవారికి వేఱుగా జెప్ప నక్కఱలేదు. చందమామను జూపుదురు, బూచివానిని బిలుతురు, ఈ దినములలో చేతికి ఫోను నిత్తురు. ఇన్ని చేసినను బిడ్డ కన్నులు ఆటమీదను, అన్నము బుగ్గలోను నిలిచియుండును. ఇట్టి పిల్లలను తిండికి పేచీపెట్టువారని మనము తేలికగా ననుచుందుము. ఆ పేచీలో కొంత పిల్లలది. కొంత పెద్దలది యని మా యభిప్రాయము.

పిల్లల పాలు ముందు చెప్పెదము. రెండవయేడు మొదలు ఆఱేండ్లవఱకు క్రొత్త పదార్థమును జూచి జంకుట పెక్కుమంది బిడ్డలకు సహజము. 1982లో లియాన్ బర్చ్ అను అమెరికా మనస్తత్త్వవేత్త రెండేండ్ల పిల్లలకు క్రొత్త తినుబండారములను పలుమాఱులు రుచి చూపి, రుచి చూచినకొలది యిష్టము పెరుగుటను గమనించిరి. 1984లో ఆమెయే మఱియొక సంగతి చూపిరి: బహుమాన మాశపెట్టి త్రాగించిన పానీయముపై పిల్లల మక్కువ తగ్గినది. ఇది తింటే మిఠాయి యిత్తునన్నప్పుడు, ఇది మిఠాయికంటె తక్కువదని మనమే బిడ్డకు నేర్పుచున్నాము గదా!

ఇక పెద్దల పాలు. మేము అనంతపురమువారము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన గూడ నమ్మకముగా కురియని మెట్టసీమ మాది. రాగి, కొఱ్ఱ, జొన్న, సజ్జ, ఆరిక లిచ్చటి నేలకు తగిన పంటలు. వాని చేలను పోయిన శతాబ్దపు చివరిభాగమున వేరుసెనగ చాలవఱకు ఆక్రమించినది. మా చిన్నదానికి ఐదేండ్లు. తెల్లని వరియన్నము, పెరుగు తప్ప దాని కేమియు పనికిరాకుండెడిది. రాగిసంగటి పెట్టిన యెడల నల్లగా నున్నదని కంచము జరిపెడిది.

ఒకనాడు బంధువుల యింటికి పల్లెకు బోతిమి. పొయ్యిమీద సంగటి యుడుకుచున్నది. మమ్ము జూడగానే యింటి యిల్లాలు, "ఇంటికొచ్చినోళ్ళకు సంగటి పెట్టేదా? ఉండండి, అన్నం చేస్తా" అని వేఱొక పొయ్యి వెలిగించినది. ఆమె మర్యాదకు వంక పెట్టరాదు. కాని తిరిగివచ్చునప్పుడు మా చిన్నది, "సంగటి చుట్టాలకు పెట్టరంట గదా, మళ్ళ నాకెందుకు?" అని యడిగినది. నాలుకకు రుచి తెలియకముందే దాని మనసునకు హోదా తెలిసినది.

ఈ హోదా నిన్న మొన్న పుట్టినది కాదు. మా యవ్వకు ఎనుబదేండ్లు. 1952లో రాయలసీమను గాల్చిన కరవున ఊరూర గంజికేంద్రములు వెలసినపుడు ఆమె చిన్నపిల్ల. ఆమె బాల్యమున వరియన్నము పండుగకో, జబ్బు చేసినప్పుడో కనబడు వస్తువు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినప్పుడు తమ యిల్లు తేఱినదని ఆమె యనుకొన్నది. అందుచే మేము బిడ్డకు సంగటి పెట్టబోగా, "సచ్చీ చెడీ అన్నానికొచ్చినాము, మళ్ళా ఈ బిడ్డకు సంగటేనా?" అని కండ్లనీరు పెట్టుకొన్నది. ఈ మాటను మూఢత్వమని త్రోసివేయువారు ఆకలి నెఱుగరు.

అయినను ఆలోచింపవలసిన దొకటి కలదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియ మున్నది. మరపట్టిన బియ్యమున పది మిల్లీగ్రాముల ప్రాంతమే. ఎముకలు కట్టు ప్రాయమున ఈ భేదము స్వల్పము కాదు. నాడు అవ్వను బాధించినది సంగటి గాదు, సంగటి తప్ప మఱేమియు లేకుండుట. నేడు అన్నము తప్ప మఱేమియు లేని కంచము ఆ లేమికే తెల్లని రూపము. ఈ మాటనే అవ్వతో మెల్లగా జెప్పితిమి. ఆమె కొంతసేపూరకుండి, రోలు కడుగుమన్నది.

నాటినుండి మా యింట నందఱము ఒకే పంక్తిని ఒకే తిండి తినుచున్నాము. చిన్నదాని కంచమున అన్నము ప్రక్కను ఉసిరికాయంత సంగటి యుంచుదుము. తినుమని యనము, తినలేదని కోపపడము, తినిన యెడల పొగడము. అవ్వ చెనిక్కాయల ఊరుబిండి నూరి, సంగటిముద్దలో గుంటచేసి, అందులో పప్పు పోసికొని కన్నులు మూసికొని తినెడిది. బిడ్డకు వలదన్న తిండి ఆమె కెంత ప్రీతియో అప్పుడే తెలిసినది! చిన్నది నాలుగైదు దినములు చూచినది, పిమ్మట గుంట చేయుట నేర్చినది, వేలితో నాకినది, పదిదినములు గడచిన వెనుక ఒక ముద్ద మ్రింగినది. కొఱ్ఱన్నము నిప్పుడు పప్పుతో తినుచున్నది. జొన్నరొట్టె నింకను ముట్టలేదు. మాకు తొందర లేదు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. బిడ్డ బరువు తగ్గుచున్నను, ముద్ద మ్రింగుటకు బాధపడుచున్నను, తినినప్పుడెల్ల వాంతి యగుచున్నను అది పేచీ కాదు, వైద్యునికి చూపవలయును.

2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా బాటించినది. ఆ యేడే మన ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడుమాఱులు రాగిజావ నిచ్చుట మొదలుపెట్టిరి. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో వెలసిన టింబక్టు కలెక్టివ్‌తో గూడిన రైతులు చిరుధాన్యములను మరల విత్తుచున్నారు. విత్తనము చేనికి వచ్చుచున్నది. గింజ బడికి వచ్చినది. గౌరవముతో విస్తరిలోనికి వచ్చుట యింక మిగిలియున్నది. అది ప్రభుత్వము చేయగల పని గాదు. పాఠకమహాశయులారా, ఈ మాఱు మీ యింటికి చుట్టములు వచ్చినప్పుడు వరియన్నముతోపాటు ఒక సంగటిముద్దను గూడ, క్షమాపణ చెప్పుకొనకుండ, వడ్డించి చూడుడు. ప్రక్కను గూర్చున్న బిడ్డ చూచుచునే యుండును.