ఊట కుండ చెప్పిన పాఠం

పదో తరగతిలో సైన్సు సారు కిణ్వనానికి ఒక ఉదాహరణ చెప్పమన్నారు. ఎవరో ఇడ్లీ పిండి అన్నారు. నాకు అంతకంటే బాగా తెలుసు. కానీ సారా కాచే ఇంటివాడని నవ్వుతారని తల దించుకున్నాను.

పెనుకొండ పక్క మా తండాలో యాడి బెల్లం ఊట పెట్టేది. హిందూపురం నుంచి తెచ్చిన బెల్లాన్ని నీళ్లలో కరిగించి, తుమ్మచెక్క వేసి, కుండ మూతి కట్టేది. రెండు మూడు రోజులకు కుండకు చెవి ఆనించి, "ఇంకా ఉడుకుతా ఉంది" అనేది. మంట లేకుండా ఉడుకేమిటని నాకు వింత.

ఆ ఉడుకు ఈస్టు కణాలది. ఆక్సిజన్ అందని చోట అవి చక్కెరను సగంలోనే విరిచి, ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును వదిలేస్తాయి. యాడి విన్న బుసబుస ఆ వాయువుదే. ఈ దారిలో ఒక గ్లూకోజ్ అణువుకు ఈస్టుకు మిగిలేది 2 ఏటీపీలే. ఆక్సిజన్‌తో పూర్తిగా విరిస్తే సుమారు 30 వస్తాయి. ఏటీపీ అంటే కణం చేతిలో చిల్లర డబ్బు లాంటిది. 1929లో దాన్ని కండరాల్లో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

మరి మిగతా శక్తి ఏమైంది? చాలావరకు ఆల్కహాల్లోనే ఉండిపోయింది. యాడి సారాను నిప్పుల మీద చిలకరించేది. భగ్గుమంటే గట్టి సరుకు. ఆ మంట ఈస్టు వాడుకోలేక వదిలిన శక్తి. మనిషి తాగితే దాన్ని విరిచే పని కాలేయానిది. మా నాయన కాలేయం ఆ పని చేసీ చేసీ చెడిపోయింది. ఆయన పోయిన నెలలోనే యాడి కుండలన్నీ తన చేతులతోనే పగలగొట్టింది.

ఇప్పుడు నేను ధర్మవరంలో సైన్సు చెబుతున్నాను. పోయిన ఏడు పిల్లలను పెనుకొండ కొండ ఎక్కించాను. పరుగున పోయినవాళ్లు సగం దారిలో కాళ్లు పట్టుకొని కూలబడ్డారు. "ఆక్సిజన్ చాలకపోతే కండరాలు కూడా గ్లూకోజ్‌ను సగంలోనే విరుస్తాయి. అయితే ఇక్కడ వచ్చేది లాక్టిక్ ఆమ్లం. కాసేపు ఊపిరి తీసుకుంటే శరీరం దాన్ని మళ్లీ వాడుకుంటుంది" అన్నాను.

ఒక తండా పిల్ల మెల్లగా అడిగింది: "ఊట కుండలో జరిగేదీ ఇట్లాంటిదే కదా సార్?"

పిల్లలు నవ్వబోయారు.

"ఇట్లాంటిదేనమ్మా. మా యాడి కుండలో నేను చూశాను" అన్నాను.

పదో తరగతిలో చెప్పాల్సిన జవాబు అది.