బల్ల దాకా నడిచే దారి

ఎర్‌ఫుర్ట్, అక్టోబరు 26

అమ్మా,

దేవుని కృప వల్ల నిన్న రాత్రి క్షేమంగా ఎర్‌ఫుర్ట్ చేరాను. ఫొటోలు తమ్ముడి ఫోనుకి పంపుతున్నాను, వాడు చూపిస్తాడు. నీతో మాట్లాడాల్సిన మాట మాత్రం ఫోనులో తెమిలేది కాదు. అందుకే కాగితం తీశాను.

నేను బయల్దేరే ముందు రాత్రి నువ్వు వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ అన్నావు: "దేవుడు క్షమిస్తాడే అమ్మాయ్, అది నాకు తెలుసు. నేను అన్యాయం చేసింది మీ పిన్నికి. అది లేదు. దాని తరఫున క్షమించడానికి దేవుడెవరు?" అనేసి నువ్వే భయపడి నాలుక కరుచుకున్నావు. నాకు ఆ రాత్రి జవాబు తోచలేదు. విమానంలోనూ ఆ మాటే వెంట వచ్చింది.

పిన్ని పోయి నాలుగేళ్ళు. ఆపరేషనుకి డబ్బు అడగడానికి వచ్చిన రోజు, అలమరాలో చీరల కింద డబ్బు ఉండగా లేదని చెప్పావు. ఆ డబ్బు నా చదువు ఫీజు. ఆ చదువు వల్ల వచ్చిన జీతంతోనే ఈ రోజు నేనిక్కడ ఉన్నాను. కాబట్టి నీ ప్రశ్నలో నాకూ భాగం ఉంది. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం నువ్వు అందరితో పాటు పాపపు ఒప్పుకోలు చెబుతావు, అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు, వరసలు లేస్తాయి. నువ్వు మాత్రం కొంగు కప్పుకుని బెంచీ మీదే ఉండిపోతావు. నీ పక్క నుంచి లేచి వెళ్ళడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు.

మన సంఘం పేరులోనే లూథరు ఉన్నాడు కదా. చిన్నప్పటి నుంచి నాకు ఆయన సుత్తి పట్టుకున్న వీరుడు. ఇక్కడ కనపడిన మనిషి వేరు. 1505 జులై 2న, ఇరవై ఒక్కేళ్ళ లా విద్యార్థి, ఈ ఊరికి దగ్గర్లో స్టోటర్న్‌హైమ్ అనే పల్లె దగ్గర పిడుగుల వానలో చిక్కుకున్నాడు. చావు భయంతో, బతికితే సన్యాసినవుతానని పునీత అన్నమ్మకు మొక్కాడు. పదిహేను రోజులకి అగస్టీను మఠం తలుపు తట్టాడు. ఆ మఠం ఇప్పటికీ ఉంది. గుడిలో బలిపీఠం ముందు నేలలో ఒక సమాధి పలక పరిచి ఉంటుంది. మఠంలో చేరేవాళ్ళు అక్కడ చేతులు చాచి బోర్లా పడుకుని మాట ఇచ్చేవాళ్ళట. వంగి చెయ్యి ఆనించాను. అక్టోబరు చలికి రాయి మంచుముక్కలా ఉంది. ఒక కుర్రాడు ఒళ్ళంతా దాని మీద ఆనించి, ఇక దేవుడికి నచ్చుతానని ఆశపడ్డాడు.

నచ్చానన్న నమ్మకం అతనికి కుదరలేదు. ఉపవాసాలు ఉన్నాడు, చలిలో దుప్పటి లేకుండా పడుకున్నాడు. స్టౌపిట్జ్ అనే పెద్ద గురువు దగ్గర ఒకసారి ఆరు గంటలు పాపాలు ఒప్పుకున్నాడు. అయినా మరిచిపోయినది ఇంకేదో ఉందని భయం. చివరికి ఆ గురువు, నీ లెక్కలు చూసుకోవడం మాని సిలువ మీది గాయాలు చూడమన్నాడు. అమ్మా, నువ్వు రాత్రుళ్ళు లేచి కూర్చునేది గుర్తొచ్చింది.

మఠంలో ఇంకో చోటుంది. 1945 ఫిబ్రవరి 25న బాంబులు పడుతుంటే జనం గ్రంథాలయం కింద నేలమాళిగలో దాక్కున్నారు. కట్టడం కూలి 267 మంది పోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం అక్కడ ఒక స్థలం ఉంచారు. బాంబు వేసినవాడు తర్వాత ఎప్పుడైనా మోకాళ్ళూని ఏడ్చినా, ఈ 267 మందిలో ఎవరు లేచి వచ్చి పరవాలేదు అంటారు? అక్కడ నిలబడ్డంతసేపూ నీ ప్రశ్నే వినపడింది.

నీ అమ్మాయి

హాలె, అక్టోబరు 28

అమ్మా,

ఈ ఊళ్ళో నీకు చుట్టరికం ఉందంటే నమ్ముతావా? ఫ్రాంకె అనే పాస్టరు 1698లో ఇక్కడ అనాథ పిల్లలకి ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. పొడుగాటి భవనం, పైన సూర్యుడి వైపు ఎగిరే రెండు గద్దల బొమ్మ. ఇక్కడి నుంచి మన దేశం వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు మొత్తం తెలుగులోకి తిప్పాడు. అది అచ్చు కాలేదు. తిరిగి వచ్చాక 1746లో ఈ ఊళ్ళోనే తెలుగు అచ్చు అక్షరాలతో చిన్న పుస్తకాలు వేయించాడు. లూథరు చిన్న ప్రశ్నోత్తరి వాటిలో ఒకటి. మన మిషనరీ హయ్యరు దొర గుంటూరులో దిగింది 1842లో. అంటే దానికి 96 ఏళ్ళ ముందే, తెలుగు వినపడని ఈ చలి దేశంలో ఎవరో మన గుడింతాలు పేర్చి, పాపం గురించీ కృప గురించీ మనకి చెప్పాలని కూర్చున్నారు. ఆ భవనం మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

అక్కడే ఒక మాట తట్టింది. పరలోక ప్రార్థనలో మనం 'పాపములు' అనం, 'ఋణములు' అంటాం. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, దేవుడికి మనం డబ్బు ఎప్పుడు బాకీ పడ్డామని. అప్పు గురించి మనకి తెలిసినంత ఎవరికి తెలుసు? నాన్న మిర్చి ఎండిపోయిన ఏడు, కమిషను కొట్టు ఆయన నోటు చింపేసి "పొండి" అన్నాడని చెప్పేదానివి. నాన్న నెత్తి మీంచి బరువు దిగింది. ఆ డబ్బు మాత్రం మాయం కాలేదు, ఆయన పెట్టెలో అంత తరుగు పడింది. అప్పు మాఫీ అయిందంటే ఎవరో ఒకరు నష్టం భరించారన్నమాటే.

మన విశ్వాసం సిలువ గురించి చెప్పేది ఇదే అనిపించింది. దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు. ఆ నష్టం తన మీద వేసుకున్నాడు. కృప మనకి ఉచితం. ఇచ్చినవాడికి ప్రాణం ఖర్చయింది. అందుకే 1937లో బాన్‌హాఫర్ అనే జర్మను లూథరన్ పాస్టరు, మారుమనస్సు లేకుండా పంచిపెట్టే కృపని చౌక సరుకన్నాడు. ఆయన్ని 1945 ఏప్రిల్‌లో హిట్లరు మనుషులు ఉరి తీశారు.

పిన్ని పట్ల జరిగిన నష్టం చిన్నదని నీకు ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. దాన్ని భరించినవాడు ఒకడున్నాడని మాత్రం ఈ రోజు కొంచెం అర్థమైంది.

నీ అమ్మాయి

విట్టెన్‌బర్గ్, అక్టోబరు 30

అమ్మా,

ఈ రోజు పక్కనున్న యూటర్‌బోగ్ వెళ్ళి వచ్చాను. సెయింట్ నికొలస్ చర్చిలో ఒక బరువైన చెక్క పెట్టె ఉంది, దాన్ని టెట్జెల్ పెట్టె అంటారు. పాప పరిహార పత్రాలు అమ్మిన సన్యాసి టెట్జెల్. రోములో పేతురు గుడి కట్టడానికి డబ్బు కావాలి. ఇక్కడి ఆర్చిబిషపు ఆల్‌బ్రెహ్ట్ పదవి కోసం ఫుగ్గర్ షావుకార్ల దగ్గర చేసిన అప్పు తీరాలి. పత్రాల సొమ్ము ఆ రెంటికీ పంచుకున్నారు. ఈ ప్రాంతపు రాజు తన రాజ్యంలో అమ్మనివ్వలేదు. అందుకని విట్టెన్‌బర్గ్ జనం పొలిమేర దాటి యూటర్‌బోగ్‌కి నడిచి వెళ్ళి కొనుక్కొచ్చారు.

మన పాఠాల్లో ఈ కథ ఎప్పుడూ అమ్మినవాళ్ళ గురించే. ఆ పెట్టె ముందు నాకు కొన్నవాళ్ళు కళ్ళలో మెదిలారు. ఆ పత్రాలు చనిపోయినవాళ్ళ కోసం కూడా కొనేవాళ్ళు. పోయిన తల్లికి ఒక్క మేలైనా చెయ్యలేకపోయానే అనుకున్న కొడుకు, చెల్లెలికి లేదని చెప్పిన అక్క. నువ్వు ఆ కాలంలో ఉంటే చెవి దుద్దులు అమ్మైనా పిన్ని పేర ఒకటి కొనేదానివి. లూథరు కూడా రోము వెళ్ళినప్పుడు తాత ఆత్మ కోసం అక్కడి పవిత్ర సోపానం 28 మెట్లూ మోకాళ్ళ మీద ఎక్కాడు. పైకి వెళ్ళాక, ఇది నిజమో కాదో ఎవరికి తెలుసు అన్న అనుమానం కలిగిందని ముసలితనంలో తనే చెప్పుకున్నాడు. పోయినవాళ్ళకి ఏదో ఒకటి చెయ్యాలన్న ఆ తపనని అమ్మకం సరుకు చేశారనే ఆయనకి కోపం వచ్చింది.

ఆ అమ్మకాన్ని ప్రశ్నిస్తూ లూథరు రాసిన, 1517 అక్టోబరు 31 నాటి 95 వాక్యాలని ఈసారి నెమ్మదిగా చదివాను. మొదటిదే మనకి కావలసింది. పశ్చాత్తాపం ఒక రోజుతో తీరే పని కాదు, విశ్వాసి బతుకంతా సాగేది అని దాని సారం. అమ్మా, నాలుగేళ్ళయినా గుండెలో ముల్లు కదులుతోంది కాబట్టి నాకు క్షమాపణ అందలేదు అనుకుంటున్నావు. ముల్లు ఉండటం క్షమాపణ రాలేదనడానికి గుర్తు కాదేమో. క్షమాపణ పొందినవాళ్ళకే తమ తప్పుని నిజమైన సైజులో చూసే ధైర్యం ఉంటుంది. 43వ వాక్యంలో, పత్రం కొనేవాడి కన్నా బీదకి చెయ్యి అందించేవాడిది మంచి పని అంటాడు. ఈ మాట రేపటికి దాచుకుంటాను.

పక్కింటి ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అత్తకి కూడా ఈ ఉత్తరం వినిపించు. ఆ పెట్టె వాళ్ళని ఎత్తిపొడవడానికి కాదు. కృప వల్లే నీతిమంతులమవుతామని ఆమె చర్చీ మన లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు చేశాయి.

నీ అమ్మాయి

విట్టెన్‌బర్గ్, అక్టోబరు 31

అమ్మా,

ఈ రోజు సంస్కరణ పండుగ. కోట చర్చి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. లూథరు సుత్తితో ఆ వాక్యాలు కొట్టాడని చెప్పే పాత చెక్క తలుపులు 1760లో యుద్ధంలో కాలిపోయాయి. ఇప్పుడున్నవి 1858 నాటి కంచు తలుపులు, వాటి మీద 95 వాక్యాలూ పోతపోసి ఉన్నాయి. లోపల లూథరు సమాధికి దణ్ణం పెట్టుకుని, ఆయన ప్రసంగాలు చేసిన ఊరి చర్చికి నడిచాను.

ఆ చర్చి బయట గోడ మీద, ఎత్తున, 13వ శతాబ్దం నుంచీ ఒక శిల్పం ఉంది. యూదుల్ని పందితో జతచేసి అవమానించే బొమ్మ. లూథరు కూడా 1543లో యూదుల మీద విషం కక్కుతూ పుస్తకం రాశాడు. చిన్నప్పుడు మనకెవరూ ఇది చెప్పలేదు. ఆ సంఘం 1988లో ఆ శిల్పం కిందే నేలలో ఒక కంచు పలక పరిచింది, చంపబడిన అరవై లక్షల మంది యూదుల జ్ఞాపకంగా. నాలుగు పలకలతో దేన్నో కప్పబోతే, సందుల్లోంచి అది సిలువ ఆకారంలో ఉబికి వస్తున్నట్టు ఉంటుంది. శిల్పాన్ని తీసెయ్యాలా వద్దా అన్న వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. తీసెయ్యమన్నవాళ్ళ నొప్పి నాకు అర్థమైంది. ఆ పలక దగ్గర వంగి చూస్తే ఇంకొకటీ అర్థమైంది. క్షమించబడటం అంటే తప్పు చెరిపేసుకోవడం కాదు, కప్పిపెట్టినా అది ఉబికి వస్తుంది.

అప్పుడు దావీదు గుర్తొచ్చాడు. నీ ప్రశ్న ఆయనదే. ఊరియాని చంపించాడు. ఒప్పుకునే వేళకి ఊరియా లేడు, క్షమించు అని కాళ్ళు పట్టుకోవడానికి మనిషి లేడు. అయినా నాతాను ప్రవక్త, నీ పాపం దేవుడు తీసేశాడని చెప్పాడు. నువ్వన్నట్టు, ఊరియా తరఫున చెప్పడానికి దేవుడెవరు? ఊరియాని పుట్టించినవాడు. ఆ రక్తం గురించి దావీదుని మొదట నిలదీసినవాడు. అల్పులైన సోదరుల్లో ఒకరికి చేసింది తనకే చేసినట్టు అన్నవాడు. పిన్ని మన గుమ్మంలో నిలబడినప్పుడు ఆయన ఆమె పక్కనే నిలబడ్డాడమ్మా. "లేదు" అన్న మాట ఆయనా విన్నాడు. అందుకే క్షమించే హక్కు ఆయనకుంది. ఇంకోటి చూడు: మత్తయి సువార్తలో ప్రభువు వంశావళి చదివితే, సొలొమోను తల్లిని ఇప్పటికీ ఊరియా భార్య అనే రాశారు. దావీదుకి క్షమాపణ దొరికింది. ఊరియా పేరు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. పిన్ని పేరు కూడా మనింట్లో అలాగే ఉండాలి.

లోపలికి వెళ్ళాను. బలిపీఠం వెనక 1547 నాటి క్రానాహ్ చిత్రాలు. కుడి వైపు దాంట్లో బూగెన్‌హాగెన్ అనే గురువు చేతిలో రెండు తాళపు చెవులు. ఒకటి మోకరించిన మనిషి మీద, క్షమాపణ ఇస్తూ. రెండోదాని వైపున ఖరీదైన బట్టలు తొడుక్కున్న ఒకడు, చేతులు కట్టేసి ఉన్నాయి, మొహం తిప్పుకుని పోతున్నాడు. ఆ రెండోవాడిని నేనే అని నువ్వు నాలుగేళ్ళుగా అనుకుంటున్నావు. వాడి మొహంలో ఏడుపు లేదమ్మా. నీ కొంగు ఆదివారం ఆదివారం తడుస్తూనే ఉంది.

మధ్యది ప్రభు రాత్రి భోజనం. బల్ల గుండ్రంగా ఉంది, పై చోటూ కింది చోటూ లేవు. శిష్యుల మధ్య లూథరు కూడా కూర్చుని గిన్నె అందుకుంటున్నాడు. పసుపు బట్టల్లో, డబ్బు సంచితో యూదా. ప్రభువు తన చేత్తో రొట్టె ముక్క ఎవరి నోట్లో పెడుతున్నాడో చూశావా? యూదా నోట్లో. ఆ సంచీలో ఏముందో తెలిసీ పెడుతున్నాడు.

నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. అలమరాలో చీరల కింద ఏముందో కూడా ఆయనకి ఆ రోజే తెలుసు. తెలిసే, నాలుగేళ్ళుగా నెల నెలా ఆ ముక్క నీ కోసం విరుస్తున్నాడు. అర్హత వచ్చాక వెళ్తానంటే ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు, అయ్యగారు కూడా.

43వ వాక్యం గుర్తుందిగా. పిన్ని కూతురు నరసరావుపేటలో నర్సింగు చదువుతోంది. పండక్కి పిలిచినా రాదు. ఫీజు ఎంతో తమ్ముడు కనుక్కున్నాడు, ఈ నెల నుంచి అది నేను కడతాను. దీనితో పిన్ని బాకీ తీరదు, తీర్చడానికి కట్టడం లేదు. తీర్చలేని బాకీ కొట్టివేయబడినవాళ్ళం, ఊరికే చేతులు ముడుచుకుని కూర్చోలేక. ఒక పని మాత్రం నా వల్ల కాదు. ఆ రోజు డబ్బు ఉండి లేదని చెప్పానని ఆ పిల్లకి నీ నోటితోనే చెప్పాలి. అది క్షమిస్తుందో లేదో తెలియదు. క్షమించి తీరాలని అడిగే హక్కు మనకి లేదు. వెళ్ళడం మాత్రం మన చేతిలో ఉంది.

వచ్చే బుధవారం దిగుతాను. గురువారం పొద్దున్నే నరసరావుపేట బస్సు ఎక్కుదాం. ఆ ఆదివారం బల్ల ఉంది. ఈసారి నీ పక్క నుంచి నేను లేచి వెళ్ళను. నువ్వు లేచేదాకా నీతోనే కూర్చుంటాను.

నీ అమ్మాయి