శ్రీశైలపు అడవిదారి

సెలవు దొరకినంతనే చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వాసులు కారులలో శ్రీశైలయాత్రకు బయలుదేరుట పరిపాటి. మేమును గత వేసవిని పులిహోర, పెరుగన్నము కట్టుకొని చిక్కడపల్లినుండి తెల్లవారుజామున బయలుదేరితిమి.

డిండి దాటిన పిమ్మట మన్ననూరున అటవీశాఖవారి గేటు గలదు. అచటినుండి దోమలపెంట వఱకు అమ్రాబాదు పులుల అడవి. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అడవినుండి తెలంగాణమునకు వచ్చిన భాగమే యిది. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఈ దారిని బండ్లను పోనీయరు. ఆ వేళ దారి మృగములది. ఇంట ఆలస్యము చేసి, గేటు మూయుదురేమోయని డ్రైవరును తొందరపెట్టుట ప్రమాదహేతువు. వంట ఒక గంట ముందు ముగించుట మన చేతిలోనిదే గదా!

అడవినడుమ కోతులను జూచి మా పిల్లవాడు అరటిపండు విసరెను. పండు చేతికిచ్చినది మేమే. పిల్లను పొట్టకు హత్తుకొన్న తల్లికోతి యొకటి దానికై బండి కడ్డముగా నుఱికెను. డ్రైవరు మెల్లగా నడుపుచుండుటచే బ్రేకు పడి అది బ్రతికెను. ఇట్టి పండ్లకు మరగియే కోతులు అడవి విడిచి దారి ప్రక్కలకు జేరి, చక్రముల పాలగుచున్నవి. మేము పుణ్యమనుకొన్నది పాపమే.

దోమలపెంట దాటగనే కృష్ణ లోయలోనికి మలుపుల దారి. దిగు బండి న్యూట్రలులో గాక చిన్న గేరులో దిగవలెను. ఎక్కివచ్చు బండికి దారి యీయవలెను. మలుపున ముందుబండిని దాటరాదు, ఫోటోలకై నిలువరాదు.

సోదరీమణులారా! తిరుగుప్రయాణమున మా పండ్లబుట్ట డిక్కీలో నుండెను, అద్దములు మూసియుండెను. పిల్లవాడు కోతులను లెక్కించుచు కూర్చుండెను.