తాతతో తలకోనకు...

'ఈసారి తలకోనకు నేనూ వస్తా' అన్నాడు నాయన. అప్పటిదాకా హాయిగా సాగుతున్న మా ప్రయాణ చర్చ అక్కడితో ఆగిపోయింది. ఆయనకి డెబ్భై ఒకటి. మోకాలి ఆపరేషన్ అయి ఏడాది. 'గుడి దగ్గర కూర్చోబెట్టి మీరు పైకి వెళ్లి రండి' అంది అక్క ఫోన్లో. 'గుడి దగ్గర కూర్చోడానికి అంత దూరం యెందుకు, మన ఊళ్లో లేదా గుడి?' అన్నది నాయన ప్రశ్న. దానికి జవాబు మా ఎవరి దగ్గరా లేదు.

మాది భాకరాపేట పక్కన చిన్న పల్లె. నాయన చిన్నప్పుడు శివరాత్రి వచ్చిందంటే ఊరంతా ఎద్దులబండ్లు కట్టుకుని తలకోన సిద్ధేశ్వరస్వామి తిరునాళ్లకు పోయేవాళ్లట. రాత్రంతా జాగారం, తెల్లారి కోన ఎక్కి నీళ్ల కింద నిలబడడం. ఆయన చివరిసారి వెళ్లినప్పుడు నేనింకా పుట్టలేదు. ఇంత దగ్గర ఉండి యాభై ఏళ్లుగా చూడలేదంటే ఎవరూ నమ్మరు. సేద్యం చేసేవాళ్లకి పక్కనున్నవి చూసే తీరికెక్కడిది!

సరే, తీసుకెళ్లాలి. ఎప్పుడు? జలపాతమనగానే అందరూ జూన్, జులైల్లో బయల్దేరతారు. తెలంగాణలో కుంటాల, బొగత చూడాలంటే ఆ లెక్క సరిపోతుంది. మా సీమలో పనికిరాదు. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఎండాకాలం చివర్లో వెళ్తే ఆ 270 అడుగుల కొండ మీంచి వేలాడే నీటిదారం చూసి రావాల్సిందే. అలాగని వాన వెలిసిన మర్నాడే పరుగెత్తకూడదు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు ఎవరికి గుర్తులేవు? ఆ రోజుల్లో కొండవాగుల జోలికి పోవడం కన్నా ఇంట్లో బజ్జీలు తినడం మేలు. అందుకే డిసెంబరు రెండోవారం, అదీ ఆదివారం కాకుండా మంగళవారం అనుకున్నాం.

నా జాగ్రత్తకి ఇంకో కారణం ఉంది. కాలేజీ రోజుల్లో అయిదుగురం మిత్రులం మధ్యాహ్నం మూడింటికి తలకోన చేరాం. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. మడుగు మధ్యలో ఓ బండమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఒడ్డున పుల్లలు ఏరుకుంటున్న ఒకావిడ 'నీళ్లు ఎర్రబారినాయి, లేయండి నాయనా' అని కేకేసింది. మాకేమీ తేడా తెలియలేదు. ఆవిడ అరుపుకి భయపడి లేచాం తప్ప తెలివితో కాదు. ఒడ్డెక్కి బట్టలు పిండుకునేలోగా మేం కూర్చున్న బండ కనిపించలేదు. పైన కొండల్లో ఎక్కడో వాన పడితే ఆ నీరంతా కోనలోకి దిగుతుంది. కింద ఉన్నవాడికి మబ్బు కూడా కనబడదు. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా మారుమాట లేకుండా పైకి వచ్చెయ్యాలి. లోతు తెలియని మడుగులోకి దూకి రాళ్ల మధ్య ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఈసారి పక్కాగా ప్లాన్ వేశాను. గుడి నుంచి జలపాతం దాదాపు రెండు కిలోమీటర్లు. కొంతదూరం బండి వెళ్తుంది. తర్వాత రాళ్లబాట, మెట్లు. నాయన మోకాలు చూసిన డాక్టరుగారిని అడిగితే 'ఎక్కడం సరే, దిగడమే కష్టం. చేతికర్ర ఉండాలి. ఎక్కేటప్పుడు సత్తువంతా ఖర్చుపెట్టెయ్యకూడదు' అన్నారు. అక్కతో ఒప్పందం కుదిరింది. బండి ఆగేచోటు నుంచి మెట్ల మొదటి మలుపు దాకానే నాయన. అక్కడ నేనో, మా ఆవిడో ఆయనతో ఉండిపోవాలి. పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి. మూడు వైపులా కొండగోడ కావడంతో కోనలో చీకటి తొందరగా పడుతుంది.

తిండి సంగతి మా ఆవిడ చూసుకుంది. పులిహోర పొట్లాలు పట్టుకుని కొండెక్కితే అవి మనకి దక్కవు, కోతులు చూసుకుంటాయి. అందుకే పులిహోర, వడలు కిందే కానిచ్చేసి, జేబుల్లో చెనిక్కాయ ఉండలు, స్టీలు సీసాల్లో నిమ్మకాయ నీళ్లు పెట్టుకున్నాం. ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేశాం. హవాయి చెప్పులు వద్దంటే మా తొమ్మిదేళ్ల అమ్మాయి ముఖం మాడ్చుకుంది. నాచు పట్టిన బండమీద రెండడుగులు వేశాక తనే ఒప్పుకుంది.

అనుకున్న రోజు తెల్లారకముందే తిరుపతిలో బయల్దేరాం. భాకరాపేట ఘాట్ మలుపుల్లో మంచు. ఆర్టీసీ బస్సులు ఈ దారిన తక్కువ, సొంతబండో అద్దెబండో ఉంటే మంచిది. నెరబైలు దాటాక అడవి మొదలు. 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఇదో భాగం. శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దేవాంగపిల్లి కూడా ఉందంటారు కానీ అది రాత్రి తిరిగే జీవి, మాకెక్కడ కనిపిస్తుంది? గిల్లతీగ మాత్రం కనిపించింది. తీగంటే మల్లెతీగలా ఊహించుకోకండి. మనిషి నడుమంత లావున చెట్ల మీంచి చెట్ల మీదికి పాకిపోయింది. మా అమ్మాయి అది కొండచిలువేమోనని తాత చెయ్యి వదల్లేదు.

సిద్ధేశ్వరుడికి దండం పెట్టుకుని ఎనిమిదిన్నరకు నడక మొదలుపెట్టాం. నాయన కర్ర ముందు, ఆయన వెనక. పదడుగులకోసారి ఆగి, అలుపు తీర్చుకోడానికని చెప్పకుండా చెట్ల పేర్లు చెప్పేవాడు. ఇది జాలారి, అది మద్ది. మలుపు వచ్చింది. 'ఇక్కడే నాయనా' అన్నాను. 'వినబడతాండాది రా' అన్నాడు. నిజమే, నీళ్ల హోరు వినిపిస్తోంది. మనిషి మాత్రం కదల్లేదు. కూర్చోనూ లేదు. 'ఇంకొంచెం' అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను వాచీ చూసుకున్నాను. తొమ్మిదిన్నరే.

మలుపు దాటి ఇరవైమూడు మెట్లు. లెక్కపెట్టింది మా అమ్మాయి. అక్కడ చెట్ల సందులోంచి జలపాతం పైభాగం కనిపిస్తుంది, అడుగున మడుగు కనబడదు. నాయన అక్కడ ఓ రాయి చూసుకుని తనంతట తనే కూర్చున్నాడు. 'చాలు. మీరు పోయి రాండి' అన్నాడు. ఆయన దగ్గర మా ఆవిడ ఉండిపోయింది.

నేనూ అమ్మాయీ వెళ్లాం. పాతికంతస్తుల మేడంత ఎత్తు నుంచి పడే నీళ్లు సగందూరం వచ్చేసరికే గాలికి తుంపరలైపోతున్నాయి. ఒడ్డునే నిలబడ్డా పూర్తిగా తడిశాం. నీళ్లు తేటగా ఉన్నాయి. అయినా పది నిమిషాలకోసారి వాటి రంగు చూస్తూనే ఉన్నాను, ఆ భయం పోదు. వచ్చేటప్పుడు అమ్మాయి ఖాళీసీసా నింపింది. నాయన ఆ నీళ్లు తలమీద చల్లుకుని, మిగిలింది తువ్వాలుతో ముఖానికి అద్దుకున్నాడు.

దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది, డాక్టరుగారు చెప్పినట్టే. బండి దగ్గరకి చేరేసరికి పదకొండున్నర. గుడి దాటి సిగ్నల్ అందగానే అక్క ఫోను. నేను నోరు తెరిచేలోగా నాయన లాక్కున్నాడు.

'లేదమ్మణ్ణీ, నువ్వు చెప్పిన మలుపు కాడే కూచున్నా. ఒక్క మెట్టు ఎక్కితే ఒట్టు!'

వెనక సీట్లోంచి మా అమ్మాయి అరిచింది... 'ఇరవైమూడు అత్తా!'