చల్లబరచే లెక్క

రాగి చెంబులో కాగిన నీళ్ళు పోసి పట్టుకుంటే చేయి చుర్రుమంటుంది. మట్టి ముంతకు అంత తొందర ఉండదు. రాగి నీటికంటే సుమారు 650 రెట్లు బాగా వేడిని అందిస్తుంది మరి. ఆ రాగిని నీళ్ళలోనే కలిపితే? పొడి ముతకైతే అడుక్కు దిగుతుంది. మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటే సన్ననిదైతే చాలాసేపు తేలుతుంది. అటువంటి ద్రవానికి 1995లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో స్టీఫెన్ చోయ్ నానోఫ్లూయిడ్ అని పేరుపెట్టారు.

మర్పల్లిలో మా అన్నగారమ్మాయి ఈ ద్రవాలలో వేడి ఎలా పారుతుందో చెప్పే సమీకరణాలతో కుస్తీపడుతున్నది. పాత సూత్రాలకు అందనంత వేడి పారుతుందని మొదట్లో కొందరన్నారు. 2009లో 30కి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను పంచుకుని కొలిచి చూస్తే, ఆ అద్భుతం కనబడలేదు. 19వ శతాబ్దపు మాక్స్‌వెల్ సిద్ధాంతమే, కాస్త విస్తరిస్తే, సరిపోయింది.

"మరి నీ లెక్క దేనికమ్మా?" అన్నాను.

"పొడి పెరిగినకొద్దీ వేడి త్వరగా పోతుంది చిన్నాయనా. కాని ద్రవం చిక్కబడి పంపుకు భారమవుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది లెక్కే."

ఆ లెక్క తేలేదాకా సంబంధాలు చూడవద్దని అన్నయ్యకు నచ్చజెప్పే పూచీ మాత్రం నామీద పడింది.